గడ్డకట్టిన నది మీద పటమట పాదాలు

సంక్రాంతి పిండివంటలు సంచిలో సర్దుకుని సాయంత్రం గన్నవరంలో విమానం ఎక్కాను. రాత్రంతా ఢిల్లీ విమానాశ్రయంలో కుర్చీలో కునుకు తీసి, పొద్దున్నే ఇంకో విమానం పట్టుకుంటే గంటన్నరలోపే లేహ్. దిగబోయే ముందు బయట మైనస్ 11 డిగ్రీలని చెప్పారు.

చెవులకూ ముక్కుకూ చలి తగులుతుందని సిద్ధపడే వచ్చాను. తీరా మెట్లు దిగాక చలి కింద నుంచి వచ్చింది. బస్సు కోసం నిలబడ్డ ఆ కాసేపట్లోనే సిమెంటు నేల చల్లదనం బూటు అడుగు దాటి అరికాలికి చేరింది. మే నెలలో ఇంద్రకీలాద్రి మెట్లు వట్టికాళ్ళతో ఎక్కినవాళ్ళకు నేల కాల్చడం అంటే ఏమిటో తెలుసు. నీడ కనిపించేదాకా గబగబా అడుగులేస్తాం. ఇక్కడ నేల కాల్చదు, ఒంట్లో వేడిని నెమ్మదిగా లాగేసుకుంటుంది. గబగబా నడవడానికి ఊపిరి కూడా చాలదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రమట్టం దగ్గర ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువులో ఇక్కడ దొరికేది సుమారు మూడింట రెండు వంతులే.

నేను వచ్చింది జంస్కార్ నది మీద నడవడానికి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ నది గడ్డకడుతుంది. పైన పరుచుకునే ఆ మంచు పలకనే చాదర్ అంటారు. శీతాకాలంలో కనుమలన్నీ మంచుతో మూసుకుపోతే మొన్నమొన్నటి దాకా జంస్కార్ లోయ జనానికి ఈ నదే దారి. తరతరాలుగా వెన్న అమ్ముకోవడానికి, పిల్లల్ని లేహ్ బడుల్లో చేర్చడానికి ఈ మంచు మీదే నడిచి వెళ్ళారు. ఇప్పుడు మనలాంటివాళ్ళు సరదాకి వెళ్తున్నారు. లేహ్‌లో కొన్ని రోజులుండి ఎత్తుకు అలవాటు పడాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, ఆ తర్వాతే అనుమతి.

బస చేసింది ఒక పెద్దావిడ ఇంట్లో. అక్కడ తల్లిలాంటి ఆడవాళ్ళను అమాలే అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి స్నానం ఊసు లేదు, బకెట్లో తెచ్చిన నీళ్ళతోనే అన్ని పనులూ. ఇల్లంతటికీ వెచ్చని చోటు వంటగది. మధ్యలో బుఖారీ అనే ఇనుప పొయ్యి, దాని చుట్టూ తివాచీలు, పైన తాడు. తాడు నిండా ఆరేసిన ఉన్ని మేజోళ్ళు. మన ఇళ్ళలో చెప్పులు గడప దాటి లోపలికి రావు. ఇక్కడ అమాలే నా బూట్లు చేత్తో పట్టుకుని వంటగదిలోకి తెచ్చి, పొయ్యికి మరీ దగ్గర కాకుండా గోడవారగా పెట్టింది. బయట వదిలేస్తే తెల్లారేసరికి కాలు దూరనంత బిగుసుకుపోతాయట. వండుకునే చోట బూట్లేమిటని మనసు కాసేపు మొరాయించింది. రెండో రోజుకి నేనే మోసుకొచ్చి పెట్టాను.

చాదర్ మీద నడవడానికి కొనాల్సింది ఖరీదైన బూట్లు కాదు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు. కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గర తొడుక్కునేవాటి లాంటివే. అవి మోతీ మార్కెట్‌లో దొరుకుతాయని చెబితే బయల్దేరాను. శీతాకాలం లేహ్‌లో సగం దుకాణాలకు తాళాలే. పాత ఊరి సందుల్లో మట్టి ఇటుకల గోడల మధ్య ఎటు తిరిగినా పైన రాజభవనమే కనిపిస్తుంది. దాన్ని గుర్తు పెట్టుకుని నడిచిన నేను, తిరిగి తిరిగి ఒకే ప్రార్థనా చక్రం ముందు తేలాను. మా పటమటలో ఏ సందులో దూరినా ఎక్కడో ఒక చోట బందరు రోడ్డు తగులుతుంది. ఇక్కడ ఏ సందూ తిన్నగా ఉండదు. చివరికి ఒక బడిపిల్లాడు "జూలే" అని పలకరించి, చెయ్యి పట్టుకుని బజారు దాకా తీసుకొచ్చాడు.

గమ్‌బూట్ల దుకాణదారు ముందుగా నా కాలి కొలత అడగలేదు. "ఏ మేజోళ్ళతో నడుస్తారో అవి తొడుక్కుని చూడండి" అన్నాడు. లోపల ఒక పల్చటి జత, పైన మందపాటి ఉన్ని జత తొడిగాను. మన దగ్గర బూట్లు కొంటే బొటనవేలి దగ్గర నొక్కి చూస్తారు. ఇతను మడమ వెనక తన వేలు దూర్చి చూశాడు. "ఇప్పుడు వేళ్ళు ఆడించండి. అయిదూ ఆడుతున్నాయా?" చిటికెన వేలు కదలడం లేదన్నాను. ఒక సైజు పెద్దది ఇచ్చాడు. రెండు జతల మీద మూడో జత కూడా వేసుకుంటే ఇంకా వెచ్చగా ఉంటుంది కదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. బూటు బిగిస్తే నెత్తురు వేళ్ళ దాకా పోదు, నెత్తురు పోని వేలికి ఎన్ని మేజోళ్ళు తొడిగినా ఒకటే. యాత్రలో నేర్చుకున్న తొలి పాఠం ఆ దుకాణంలోని ముక్కాలిపీట మీదే దొరికింది.

ఆ సాయంత్రం అదే ఇంట్లో దిగిన ఒక పర్వతారోహకుడు తన బూట్లు విప్పుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఆరు వేల మీటర్లు దాటిన శిఖరం మీద శీతాకాలపు ఆరోహణ ముగించుకుని వచ్చాడు. అతని బూటు నిజానికి రెండు బూట్లు. బయటిది గట్టిది. అడుగున ఇనుప ముళ్ళ క్రాంపాన్లు బిగించడానికి ముందూ వెనకా గాట్లున్నాయి. దాని నాలుక పైకెత్తి లోపలి నుంచి మెత్తని ఇంకో బూటు బయటికి లాగాడు. నా చేతికిచ్చాడు, తూకమే లేదు. నురుగు పొరల్లో గాలి చిక్కుకుని ఉంటుంది, వేడిని పట్టి ఉంచేది ఆ గాలే. గుడారంలో బయటి బూటు పక్కన పెట్టి, లోపలి దాన్ని నిద్రసంచిలోకి తీసుకుంటారు. అతను దాన్ని తిరగేసి లోపల వేలితో తడిమాడు. వేళ్ళ దగ్గర కాస్త చెమ్మ తగిలింది. ఏమీ మాట్లాడకుండా లేచి తాడు మీద వేలాడదీశాడు. అంత దూరం నుంచి అలసిపోయి వచ్చిన మనిషి, టీ కంటే ముందు చేసిన పని అది.

కొండలెక్కేవాళ్ళ చరిత్రలో బూట్లది పెద్ద అధ్యాయమే. 1953 మే 28 రాత్రి ఎవరెస్ట్ మీద చివరి శిబిరంలో హిల్లరీ బూట్లు విప్పి నిద్రసంచి బయట పెట్టాడు. టెన్జింగ్ విప్పకుండా పడుకున్నాడు. తెల్లారేసరికి హిల్లరీ బూట్లు గడ్డకట్టాయి. వాటిని స్టవ్ మీద మెత్తబరచడానికి సుమారు రెండు గంటలు పట్టింది. ఆ తర్వాతే శిఖరానికి బయల్దేరారు. అంతకు మూడేళ్ళ ముందు, 1950 జూన్ 3న అన్నపూర్ణ శిఖరం చేరిన ఫ్రెంచివాళ్ళు ఎర్జోగ్, లాషెనాల్ కాలివేళ్ళన్నీ పోగొట్టుకున్నారు. లాషెనాల్ దారిలోనే తన పాదాలు మొద్దుబారుతున్నాయని గమనించి, నేను వెనక్కి తిరిగితే నువ్వేం చేస్తావని ఎర్జోగ్‌ను అడిగినవాడు. శిఖరం అంత దగ్గరగా కనిపిస్తున్నప్పుడు వేలి మాట వినడం ఎంత కష్టమో ఆ కథ చదివితే తెలుస్తుంది.

అనుమతి చేతికి వచ్చాక గుంపుతో కలిసి జీపులో బయల్దేరాం. నిమ్ము దగ్గర సింధు, జంస్కార్ కలిసే చోట ఆగి చూడండి. ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమంలో గోదావరి నీళ్ళు కృష్ణలో కలవడం చూసిన కళ్ళకు, రెండు నదులూ మంచు ముక్కల్ని మోసుకుంటూ కలవడం వింతగా ఉంటుంది. అక్కడి నుంచి చిల్లింగ్ దాటాక రోడ్డు దిగి మంచు మీద అడుగుపెట్టాం. మా గైడు జంస్కార్ మనిషి. అందరూ ఆయన్ని ఆచో, అంటే అన్న, అని పిలిచేవాళ్ళు. కాలు ఎత్తకుండా జరుపుతూ, మోకాళ్ళు కాస్త వదులుగా ఉంచి నడవమన్నాడు. కొన్నిచోట్ల మంచు పాలరాయి తెలుపు, కొన్నిచోట్ల అడుగున పారే నీళ్ళు కనిపించేంత అద్దం. అప్పుడప్పుడూ కింద ఎక్కడో టప్పున పగిలిన శబ్దం వస్తుంది. మేం ఉలిక్కిపడతాం, ఆచో చేతికర్రతో మంచు మీద కొట్టి, ఆ మోత విని, ఎటు నడవాలో చెబుతాడు.

మధ్యాహ్నం ఎండ కాసింది. హుషారుగా నడుస్తున్న మమ్మల్ని ఆచో ఆపేసి, పైకోటు విప్పమన్నాడు. ఇంత చలిలో కోటు విప్పడమేమిటి? "చెమట పట్టకూడదు సార్. చలి కంటే చెమట చెడ్డది" అన్నాడు. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా బాగా వేడిని మోసుకుపోతుంది, అందుకే తడి తగిలితే ఒంటి వేడి త్వరగా జారిపోతుంది. రబ్బరు బూటు బయటి నీటిని లోపలికి రానివ్వదు, లోపలి చెమటనూ బయటికి పోనివ్వదు. అందుకే కొందరు పల్చటి మేజోళ్ళ మీద ప్లాస్టిక్ కవరు తొడిగి, ఆ పైన ఉన్ని మేజోళ్ళు వేసుకుంటారు. చెమట కవరు లోపలే ఉండిపోతుంది, ఉన్ని పొడిగా ఉంటుంది. రాత్రి కవరు తీసి, కాలు తుడుచుకుని, పల్చటి జత మార్చుకుంటే చాలు. మా డెల్టాలో నాట్లు వేసే ఆడవాళ్ళు రోజంతా బురదనీళ్ళలో నిలబడి, వేళ్ళ సందులు ఒరిసిపోయి బాధపడడం చిన్నప్పుడు చూశాను. పాదానికి తడి ఎంత శత్రువో వాళ్ళనడిగితే చెబుతారు. అక్కడ ఎండ ఉంటుంది కాబట్టి ఒరుపుతో పోతుంది, ఇక్కడ వేలే పోతుంది.

తిండి సంగతి చెప్పాలి. పొద్దున ఖంబీర్ అనే మందపాటి రొట్టె, ఉప్పు వేసిన వెన్న టీ. మొదటి గుక్కకు టీ అని మనసు ఒప్పుకోదు, చారు అనుకుని తాగితే హాయిగా దిగుతుంది. రాత్రి వేడి తుక్పా. అందులో చేత్తో చేసిన నూడుల్స్, కూరముక్కలు. తోడుగా ఉంటుందని పట్టుకెళ్ళిన ఆవకాయ సీసా తీస్తే పప్పునూనె మైనంలా గడ్డకట్టి, ముక్క పెకలలేదు. ఆచో దాన్ని టీ గిన్నె పక్కన పెట్టి కరిగించి, రొట్టెతో నంజుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగినా ఇంకాస్త వేయించుకున్నాడు. వెన్న, నూనె, బెల్లం, వేరుశనగలు వద్దనకుండా తినాలని అక్కడ అందరూ చెబుతారు. బూటు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వకుండా కాస్తుంది. పుట్టించాల్సింది పొట్టే. దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే నెత్తురు పలచగా పారదు, ముందు నష్టపోయేవి వేళ్ళే.

ఒక మలుపులో మంచు విరిగిపోయి, కొండవార నీళ్ళలోంచి దాటాల్సి వచ్చింది. మోకాళ్ళ లోతు. మాతో ఒక గుడివాడ అమ్మాయి ఉంది, బెంగళూరులో ఉద్యోగం. ఆ అమ్మాయి బూటు అంచు దాటి నీళ్ళు లోపలికి వెళ్ళాయి. అవతలి గట్టున మొదట కాళ్ళు మంటగా ఉన్నాయంది. ఆచో పొడి మేజోళ్ళు తీసే లోపే, "ఇప్పుడేం నొప్పి లేదండీ, తగ్గిపోయింది" అంది. ఆ మాట విన్న ఆచో మొహం మారిపోయింది. నొప్పి ఉన్నంతసేపు వేలు బతికే ఉందని లెక్క, నొప్పి పోతేనే భయపడాలి.

పరిచిన చాప మీద కూర్చోబెట్టి బూట్లు లాగేశాడు. వేళ్ళు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. ఆ అమ్మాయితో గుడారం పంచుకుంటున్న పుణె డాక్టరు ముందుకొచ్చి, కోటు గుండీలు విప్పి, "కాళ్ళు నా పొట్టకు ఆనించు" అంది. గుడివాడ అమ్మాయి కాళ్ళు ముడుచుకుంది. కాలు పొరపాటున తగిలితేనే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, మనకంటే పెద్దావిడ పొట్ట మీద పాదాలు పెట్టడం ఎలా? డాక్టరమ్మ మారుమాట లేకుండా రెండు పాదాలూ లాక్కుని ఒంటికి అదుముకుంది. కాసేపటికి వేళ్ళు ఎర్రబడ్డాయి. సలుపు మొదలై ఆ అమ్మాయి ఏడ్చేసింది. ఆ ఏడుపు విని ఆచో మొహంలో నెత్తురు తిరిగింది. లేచేటప్పుడు ఆ అమ్మాయి డాక్టరమ్మ భుజం తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. ఆవిడ మరాఠీలో ఏదో అని నవ్వేసింది.

రాత్రి భోజనాల దగ్గర డాక్టరమ్మ చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయి. చలి పెరిగితే శరీరం గుండె, మెదడు, ఊపిరితిత్తుల్ని కాపాడుకోవడానికి కాళ్ళకూ చేతులకూ వెళ్ళే రక్తనాళాల్ని ముడుస్తుంది. వేళ్ళలో వేడి పుట్టించే కండ ఎటూ లేదు. అందుకే పాదాలు చల్లబడితే తలకు టోపీ పెట్టుకోవాలి, ఒంటికి ఇంకో పొర వేసుకోవాలి. నడుము పైభాగం వెచ్చగా ఉంటే శరీరం వేళ్ళకు నెత్తురు వదులుతుంది. మొద్దుబారిన వేలిని మంచుతో రుద్దకూడదు. 1812లో రష్యా నుంచి వెనక్కి మళ్ళిన నెపోలియన్ సైన్యంలో వైద్యుడు లారే, మంట దగ్గర కాచుకున్న సైనికుల పాదాలు కుళ్ళడం చూసి మంచుతో రుద్దమన్నాడు. ఆ సలహా వందేళ్ళకు పైగా నిలిచింది. తప్పని ఇప్పుడు తేలింది. నిజంగా గడ్డకట్టిన పాదాన్ని 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో కరిగించాలి. అదీ మళ్ళీ గడ్డకట్టదన్న నమ్మకం ఉంటేనే. కరిగి మళ్ళీ గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువ. మొద్దుబారిన కాలికి మంట తెలియదు కాబట్టి నిప్పు దగ్గర చాపకూడదు. చలికి సిగరెట్టు, మందు అసలు పనికిరావు. సిగరెట్టు నాళాల్ని ముడుస్తుంది, మందు ఒంటి వేడిని బయటికి పారబోస్తుంది.

ఢిల్లీ నుంచి వచ్చిన ఒకతను బూట్లలో పెట్టుకునే వేడి పొట్లాలు తెచ్చాడు. వాటిలో ఉండేది ఇనుప రజను, ఉప్పు, బొగ్గుపొడి. గాలి తగిలితే ఇనుము తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. మా ఆటోనగర్‌లో తుప్పు పేరెత్తితే మొహం చిట్లిస్తారు, ఇక్కడ అదే ఉపకారం. కాకపోతే బిగుతైన గమ్‌బూటులో గాలి ఆడక కాసేపటికే చల్లబడ్డాయి. ఎత్తుకు పోయేకొద్దీ ప్రాణవాయువు తగ్గి ఇంకా మందగిస్తాయి. ఉంటే మంచిదే, వాటి మీదే భారం వెయ్యకండి.

పడుకునే ముందు అందరం చేసే పని ఒకటే. తడి మేజోళ్ళు విప్పడం, కాళ్ళు తుడుచుకుని వేళ్ళు ఒక్కొక్కటే చూసుకోవడం, నిద్రకే దాచుకున్న పొడి జత తొడుక్కోవడం. ఆ జతతో ఒక్క అడుగు కూడా నడవకూడదు. సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి నిద్రసంచిలో పాదాల దగ్గర పెట్టుకోవాలి. చెమ్మగా ఉన్న మేజోళ్ళు పొట్ట మీద పరుచుకుంటే ఒంటి వేడికే ఆరిపోతాయి. బయట మైనస్ 25 చలిలో నది పగులుతున్న చప్పుడు వింటూ మన పిల్లల్ని తలచుకున్నాను. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ ఇదే లద్దాఖ్ చలిలో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో అంటార్కిటికాలోని విన్సన్ నుంచి అలాస్కాలోని డెనాలి దాకా ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు విడిచారు. వాళ్ళంతా ప్రతి రాత్రీ ఇలాగే తమ వేళ్ళు తాము చూసుకుని ఉంటారు. చలి ఎరగని నేల మీద పుట్టిన పాదాలు కూడా నేర్చుకుంటే అంత దూరం వెళ్తాయని ఆ రాత్రి గట్టిగా అనిపించింది.

మా దారిలో నెరక్ దగ్గర జలపాతం పడుతూ పడుతూనే గడ్డకట్టింది. నీలం, తెలుపు స్తంభాలుగా నిలబడిపోయింది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. దగ్గర్లోని గుహలో కూలీలు మంట వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన, చిన్నప్పుడు తొడిగిన పాబు అనే బూట్ల గురించి చెప్పాడు. ఉన్ని, తోలుతో ఇంట్లోనే కుట్టుకునే లద్దాఖీ బూట్లు అవి. చాలా చలిదేశాల వాళ్ళ ఉపాయం ఒకటే, బూటు లోపల గాలిని పట్టి ఉంచడం. ఉత్తర నార్వే సామీలు బూట్లలో ఎండుగడ్డి కూరేవాళ్ళు, దక్షిణ ధ్రువానికి వెళ్ళిన అముండ్సెన్ బృందం అదే చేసింది. ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ళ నాటి మనిషి బూట్లలోనూ గడ్డే ఉంది. గడ్డి గాలిని పట్టి ఉంచుతుంది, చెమటను పీల్చుతుంది, రాత్రి తీసి ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది.

మీరు వెళ్తే ఊళ్ళోనే బూట్లు కొనెయ్యకండి, లేహ్‌లో కొనండి. మేజోళ్ళు మాత్రం ఇక్కడి నుంచే ఎక్కువగా పట్టుకెళ్ళండి. నూలువి వద్దు, అవి తడిస్తే ఆరవు. ఉన్నివే కావాలి. కాలిగోళ్ళు ముందే కత్తిరించుకోండి. ఆగినప్పుడల్లా మంచు మీద కాకుండా చాప మీద నిలబడండి. వేళ్ళు ఆడిస్తూ ఉండండి. మొద్దుబారితే సిగ్గుపడకుండా వెంటనే చెప్పండి, మీ ఒక్కరి కోసం అందరూ ఆగుతారు.

ఇంకొకటి. నిమ్ము నుంచి జంస్కార్ లోయలోని పదుం మీదుగా దార్చా వెళ్ళే రోడ్డు 2024లో కలిసింది. ఆ రోడ్డు వచ్చేకొద్దీ చాదర్ నడక కురచవుతోంది. అందుకు బాధపడనక్కర్లేదు, ఆ లోయలో జబ్బు చేసినవాళ్ళు ఇక మంచు మీద నడిచి లేహ్ ఆస్పత్రికి రావాల్సిన పని తప్పుతుంది. మనం మాత్రం ఆ నది మీద ఇన్నాళ్ళూ వేళ్ళు కాపాడుకున్న మనుషుల దగ్గర నేర్చుకోగలిగింది ఇప్పుడే నేర్చుకోవాలి. మన సామాను జారుడు బళ్ళ మీద లాగే కూలీల్లో చాలామందికి ఉండేవి అరిగిపోయిన గమ్‌బూట్లు, ఒకే జత మేజోళ్ళు. వెళ్ళేటప్పుడు వాళ్ళ కోసం కూడా నాలుగు జతలు ఉన్నివి పెట్టుకెళ్ళండి. గుంపును తీసుకెళ్ళే సంస్థను ముందే అడగండి, కూలీలకు బూట్లు ఇస్తున్నారా, రాత్రి పడుకోవడానికి వెచ్చని చోటు ఉందా అని. పొద్దస్తమానం మన కాళ్ళెలా ఉన్నాయని అడిగే మనిషిని, ఒక్కసారైనా ఆయన కాళ్ళెలా ఉన్నాయో అడగండి.